బొమ్మ మీద ఎక్కడ నొక్కించాలి, ఎందుకు నొక్కించాలి

ప్రశ్న: నేను జీవశాస్త్రం చెప్తాను. విద్యార్థులు ల్యాబ్‌లోకి అడుగుపెట్టే ముందే మైక్రోస్కోపు గురించి తెలుసుకుని రావాలని ఒక ఆన్‌లైన్ పాఠం తయారుచేశాను. మైక్రోస్కోపు ఫొటో పెట్టి దాని మీద 14 హాట్‌స్పాట్లు అమర్చాను. ఒక్కోటి నొక్కితే ఆ భాగం పేరు, అది చేసే పని చిన్న పెట్టెలో వస్తాయి. కంటికి ఆనాలని చుక్కలన్నీ మెరుస్తూ ఉండేలా పెట్టాను. పద్నాలుగూ నొక్కితే గానీ ‘నెక్స్ట్’ పని చేయదు. రిపోర్టు చూస్తే అందరూ పాఠం పూర్తి చేశారు. తీరా ల్యాబ్‌కి వచ్చాక ఏ నాబ్ దేనికో చెప్పలేకపోతున్నారు. ఫోన్‌లో చూసేవాళ్లు చుక్కలు భాగాల మీద ఉండట్లేదని, ఒకటి నొక్కితే పక్కది తెరుచుకుంటోందని అంటున్నారు. చూపు లేని ఒక విద్యార్థికి, తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌లో ‘బటన్, బటన్, బటన్’ అని తప్ప ఇంకేమీ వినపడట్లేదట. హాట్‌స్పాట్లను ఇంకా ఆకర్షణీయంగా చేయాలా? వేరే టూల్‌కి మారిపోవాలా?

సమాధానం: రెండూ వద్దండీ. టూల్ మార్చినా ఈ పాఠం అక్కడా ఇలాగే ఉంటుంది. మీరు చెప్పిన ఇబ్బందుల్లో చుక్కలు జరిగిపోవడం, వేలికి పక్కది తగలడం, స్క్రీన్ రీడర్‌కి ఏమీ తెలియకపోవడం, ఈ మూడూ సాంకేతికమైనవి. నిదానంగా కూర్చుంటే సర్దుకుంటాయి. అన్నీ నొక్కిన పిల్లలకి ఏమీ గుర్తు లేకపోవడం మాత్రం పాఠం కట్టిన తీరులోనే ఉంది. అందుకని ముందు దాని సంగతే చూద్దాం.

మీ బొమ్మలో భాగాల పేర్లు చుక్కల వెనక ఉన్నాయి. అవి అక్కడ ఎందుకున్నాయి? బొమ్మ మీద చోటు లేకనా, లేక నొక్కితే ఏదో జరగాలనా? మైక్రోస్కోపు ఫొటోలో భాగాల పేర్లు రాసుకోవడానికి చోటుకి లోటు ఉండదు. అయినా దాచాం. దాంతో విద్యార్థి ఐపీస్ (కన్ను ఆనించే లెన్సు) పేరు చూసి, పెట్టె మూసి, ఆబ్జెక్టివ్ (స్లైడుకి దగ్గరగా ఉండే లెన్సు) దగ్గరికి వెళ్లి, అది తెరిచేసరికి మొదటిది కళ్ల ముందు లేదు. రెండిటినీ పక్కపక్కన చూసి పోల్చుకునే వీలు లేదు. మాటా బొమ్మా విడివిడిగా ఉంటే, వాటిని కలుపుకోవడానికే బుర్ర శక్తంతా ఖర్చవుతుందని పాల్ చాండ్లర్, జాన్ స్వెల్లర్ 1992లో రాసిన వ్యాసంలో వివరంగా చర్చించారు. రిచర్డ్ మేయర్ కూడా తన మల్టీమీడియా పరిశోధనల్లో ఇదే తేల్చాడు: పేరు ఆ భాగం పక్కనే కనిపిస్తూ ఉండాలి. పద్నాలుగు పెట్టెలు పెట్టి మనం సరిగ్గా దానికి ఎదురు వెళ్తున్నాం.

పైగా ‘అన్నీ నొక్కితేనే నెక్స్ట్’ అన్న షరతు. అది పెట్టగానే విద్యార్థి ముందున్న పని మారిపోతుంది. మైక్రోస్కోపు నేర్చుకోవడం పక్కకి పోయి, మిగిలిన చుక్కలేవో వెతికి నొక్కేయడం పనిగా మారుతుంది. పెట్టె తెరుచుకోగానే మూసేసే చేతులే ఎక్కువ. మీ రిపోర్టులో ‘కంప్లీటెడ్’ అని కనిపించేది ఆ నొక్కుళ్లే. దాన్ని చదివినట్టు లెక్కేసుకోకండి. ఆ తాళం ఈ రోజే తీసేయండి. తప్పకుండా చూసి తీరాల్సిన విషయం ఏదైనా ఉంటే, అది హాట్‌స్పాట్ వెనక ఉండకూడదు. నేరుగా పేజీలోకి తెచ్చి పెట్టండి.

అలాగని హాట్‌స్పాట్లు పనికిరావని నేననడం లేదు. నాకు అవంటే చాలా ఇష్టం. బొమ్మని చూపిస్తూ ‘ఇదిగో ఇక్కడ’ అని వేలు పెట్టి చెప్పగలిగే సాధనం ఆన్‌లైన్ పాఠంలో ఇంకొకటి లేదు. కానీ దాచడానికి ఒక కారణం ఉన్నప్పుడే దాచాలి. నాకు తెలిసి అలాంటి కారణాలు రెండే.

ఒకటి, మొత్తం బొమ్మ అర్థమయ్యాక ఏదో ఒక భాగం లోతుగా చూడాలనిపించడం. మొదట అంతా కనిపించాలి, వివరం అడిగినప్పుడు రావాలి అని బెన్ ష్నైడర్‌మన్ 1996లో సమాచార చిత్రాల గురించి చెప్పిన సూత్రం ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. మీ పాఠానికి దీన్ని ఇలా వాడుకోవచ్చు. పద్నాలుగు పేర్లూ గీతలు గీసి బొమ్మ మీదే రాసేయండి. నొక్కడానికి నాలుగే చోట్లు ఉంచండి: ఆబ్జెక్టివ్‌లు, ఫోకస్ ఎక్కువగా మార్చే పెద్ద నాబ్, కొద్దికొద్దిగా మార్చే చిన్న నాబ్, వెలుగుని తగ్గించి పెంచే డయాఫ్రమ్. వాటి వెనక పేరూ నిర్వచనమూ వద్దు. మాటల్లో చెప్పడం కష్టమైనవి పెట్టండి. డయాఫ్రమ్ నొక్కితే, అది పూర్తిగా తెరిచినప్పుడు ఉల్లిపొర కణాలు ఎలా వెలవెలబోతాయో, కాస్త మూస్తే వాటి అంచులు ఎలా తేటపడతాయో రెండు ఫొటోలు పక్కపక్కన రావాలి. ఆబ్జెక్టివ్‌లు నొక్కితే, ఒకే స్లైడు 4, 10, 40 రెట్లలో ఎలా కనిపిస్తుందో రావాలి. ఐపీస్ 10 రెట్లది కాబట్టి మొత్తం 40, 100, 400 రెట్లు అవుతుందన్న లెక్క కూడా అక్కడే ఇమిడిపోతుంది. ఇలాంటివైతే పిల్లలు ఎవరూ చెప్పకుండానే నొక్కుతారు.

‘బేస్’ నొక్కితే ‘ఇది మైక్రోస్కోపు అడుగుభాగం’ అని వచ్చే పెట్టె మీ పాఠంలో ఉండే ఉంటుంది. అలాంటి పెట్టె ఒక్కటి తగిలిందంటే, తర్వాతి చుక్క వెనక కూడా పెద్దగా ఏమీ ఉండదని విద్యార్థి నిర్ణయించేసుకుంటాడు. ఆ అభిప్రాయాన్ని మళ్లీ మార్చడం చాలా కష్టం.

రెండో కారణం, విద్యార్థి చేత నిర్ణయం తీయించడం. మీకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది ఇదే. అదే బొమ్మ, పేర్లు తీసేసి మళ్లీ చూపించండి. కింద ఒక ప్రశ్న: ‘40 రెట్ల ఆబ్జెక్టివ్ పెట్టారు. కణాలు కనిపిస్తున్నాయి గానీ మసకగా ఉన్నాయి. ఏది తిప్పుతారు? బొమ్మ మీద నొక్కి చూపించండి.’ ఇప్పుడు నొక్కుడు అనేది జవాబు. చిన్న నాబ్ నొక్కితే కణాలు తేటపడిన ఫొటో వస్తుంది. పెద్ద నాబ్ నొక్కితే పగిలిన స్లైడు ఫొటో, దాని కింద కారణం: 40 రెట్ల ఆబ్జెక్టివ్‌కి, స్లైడుకి మధ్య మామూలుగా ఒక మిల్లీమీటరు ఎడం కూడా ఉండదు, పెద్ద నాబ్ కొద్దిగా తిప్పినా లెన్సు వెళ్లి గాజుకి గుద్దుకుంటుంది. మీ ల్యాబ్‌లో ఏ నాబ్ దేనికో చెప్పలేనివాళ్లకి ఈ ఒక్క తప్పు జవాబు, ఆ పద్నాలుగు నిర్వచనాలూ నేర్పలేనిది నేర్పుతుంది. ఒకసారి తప్పు నొక్కి, ఎందుకు తప్పో చూసినవాడు అసలు మైక్రోస్కోపు ముందు చెయ్యి ఆపుకుంటాడు.

దీని వెనక పరిశోధన బలం కూడా ఉంది. మనస్తత్వ పరిశోధకులు రోడిగర్, కార్పికీ 2006లో చేసిన ప్రయోగంలో కొందరు ఒక పాఠ్యభాగాన్ని మళ్లీ మళ్లీ చదివారు. ఇంకొందరు చదివాక చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. రెండు రోజుల తర్వాత, వారం తర్వాత అడిగితే గుర్తు తెచ్చుకున్నవాళ్లు ముందున్నారు. మీ పిల్లలు పాఠం చూసిన రోజుకీ ల్యాబ్‌కీ మధ్య ఎడం ఉంటుంది కదా. అందుకే పేర్లున్న బొమ్మ ఒక్కసారి చాలు. పేర్లు లేని బొమ్మ మీద ప్రశ్నలు అయిదారు పెట్టండి. తప్పు చోట్లలో కూడా మామూలుగా ఎక్కువమంది ఎక్కడ పొరపడతారో అక్కడ విడిగా జవాబు రాయండి. ‘తప్పు, మళ్లీ ప్రయత్నించండి’ అన్న మాట దేనికీ పనికిరాదు.

ఇలాంటి ప్రశ్నల్లో ఒక జాగ్రత్త. సరైన జవాబు ప్రాంతం చుట్టూ ధారాళంగా చోటు వదలండి. నాబ్ అంచుకి కాస్త ఇవతల నొక్కినా ఒప్పుకోవాలి. మనం పరీక్షిస్తున్నది వాళ్లకి మైక్రోస్కోపు తెలుసా లేదా అని. వేలి గురి చూడటం మన పని కాదు.

ఇక ఫోన్‌లో చుక్కలు జరిగిపోయే సంగతి. దీనికి దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: హాట్‌స్పాట్ చోటుని పిక్సెళ్లలో చెప్పడం. హెచ్‌టీఎంఎల్‌లో ఎప్పటినుంచో ఉన్న ఇమేజ్ మ్యాప్ పద్ధతిలో, అంటే మ్యాప్, ఏరియా ట్యాగులతో దీర్ఘచతురస్రం, వృత్తం, బహుభుజి గీసి లింకులిచ్చే పద్ధతిలో, కొలతలు పిక్సెళ్లలోనే ఉంటాయి. బొమ్మ చిన్నదైనా ఆ అంకెలు మారవు. మీ ఫొటో వెడల్పు 1200 పిక్సెళ్లు, చిన్న నాబ్ ఎడమ అంచునుంచి 900 దగ్గర ఉందనుకోండి. ఫోన్‌లో ఆ ఫొటో 360 పిక్సెళ్లకి కుదించుకుపోతుంది. నాబ్ ఇప్పుడు 270 దగ్గర కనిపిస్తుంది. నొక్కే చోటు మాత్రం ఇంకా 900 దగ్గరే, అంటే బొమ్మ బయట ఎక్కడో ఉంటుంది. అదే చోటుని ‘ఎడమనుంచి 75 శాతం’ అని చెప్పి ఉంటే 1200లో 900 దగ్గర, 360లో 270 దగ్గర తనంతట తానే కూర్చుంటుంది.

కాబట్టి మీరు కోడ్ రాయించుకుంటుంటే చుక్కల చోట్లు శాతాల్లో పెట్టమని అడగండి. లేదా ఎస్‌వీజీలో (ఎంత పెంచినా తగ్గించినా ఆకారం చెడని బొమ్మల ఫార్మాట్) చేయమనండి. అందులో వ్యూబాక్స్ అనే కొలతల చట్రం ఒకటి పెడితే ఫొటో, దాని మీద గీసిన ఆకారాలు అన్నీ కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి. ఆకారం వంకరటింకరగా ఉన్నప్పుడు, ఉదాహరణకి మైక్రోస్కోపు చెయ్యి లాంటిది మొత్తం నొక్కేలా చేయాలన్నప్పుడు, ఎస్‌వీజీని మించింది లేదు. రెడీమేడ్ టూల్ వాడుతుంటే ఈ లెక్కలు అదే చూసుకోవాలి. చూసుకుంటోందా లేదా అన్నది బ్రౌజర్ కిటికీని పక్కనుంచి లాగి సన్నం చేస్తే ఇట్టే తెలిసిపోతుంది.

చోటు సరిగ్గా ఉన్నా సైజు సమస్య అలాగే ఉంటుంది. పాఠాన్ని పెద్ద తెర మీద తయారుచేసేటప్పుడు ఇది తట్టదు. 1200 పిక్సెళ్ల బొమ్మ మీద 80 పిక్సెళ్ల చుక్క బ్రహ్మాండంగా కనిపిస్తుంది. 360కి తగ్గితే అది 24 అవుతుంది. వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలని, వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ 2023 అక్టోబరులో విడుదల చేసిన డబ్ల్యూసీఏజీ 2.2లో, మూడు స్థాయిల్లో రెండోదానికి చేరాలంటే నొక్కే చోటు కనీసం 24కి 24 పిక్సెళ్లు ఉండాలని రాసి ఉంది. పక్కన తగినంత ఖాళీ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఇచ్చారనుకోండి. అంటే ఆ 80 పిక్సెళ్ల చుక్క ఫోన్‌లో ఆ గీత దగ్గర ఆగింది. అదే ప్రమాణాల్లో పై స్థాయికి 44 కావాలి. ఆపిల్ కూడా తన తెరలకి 44 పాయింట్లే చెప్తుంది, ఆండ్రాయిడ్‌లో 48 యూనిట్లు. ఫోన్‌లో 44 రావాలంటే 1200 బొమ్మ మీద దాదాపు 147 పిక్సెళ్ల చుక్క గీయాలి. అలాంటివి పద్నాలుగు పెడితే ఇక మైక్రోస్కోపు ఎక్కడ కనిపిస్తుంది?

నాలుగైతే సుఖంగా పడతాయి. పైన తగ్గించమన్నది నేర్పడం కోసమే అయినా ఫోన్ కూడా అదే కోరుకుంటోంది. అప్పటికీ రెండు నాబ్‌లు మరీ దగ్గరగా ఉన్నాయనిపిస్తే, ఆ భాగాన్ని విడిగా కత్తిరించి దగ్గరనుంచి తీసిన ఇంకో ఫొటోగా పెట్టండి. చాలా మైక్రోస్కోపుల్లో పెద్ద నాబ్ మీదే చిన్న నాబ్ ఉంటుంది కాబట్టి మీకు ఇది ఎలాగూ తప్పకపోవచ్చు. చుక్క చోటు శాతంలో, సైజు మాత్రం ఎప్పుడూ 44 పిక్సెళ్లుగా ఉంచడం ఇంకో దారి. అప్పుడు చుక్కలు బొమ్మతో పాటు తగ్గవు గానీ చిన్న తెర మీద బొమ్మని కప్పేస్తాయి. చుక్కలు కొన్నే ఉంటే ఇదే సులువు.

మెరుపులు ఆపేయండి. తనంతట తాను మొదలై అయిదు సెకన్లకి మించి కదిలేది ఏదైనా పేజీలో మిగతా విషయంతో పాటు ఉంటే, దాన్ని ఆపుకునే వీలు చూసేవాళ్లకి ఉండాలని అవే ప్రమాణాలు చెప్తున్నాయి. పద్నాలుగు చుక్కలు ఒకేసారి కొట్టుకుంటుంటే బొమ్మ మీద కన్ను నిలవదు కూడా. ముదురు రంగు వృత్తం, దాని చుట్టూ తెల్లని అంచు, లోపల అంకె. ఇది చాలు. నల్లటి మైక్రోస్కోపు మీదా తెల్లటి గోడ మీదా కూడా అది తెలిసిపోతుంది. మౌస్ దగ్గరికి తెస్తే తెరుచుకునే పెట్టెలు కూడా వద్దు. వేలికి ఆ సౌకర్యం లేదు.

ఇప్పుడు ఆ విద్యార్థి సంగతి. ‘బటన్, బటన్’ అని వినిపిస్తోందంటే ఒక విధంగా సగం పని అయ్యే ఉంది, అవి నిజం బటన్లే. పేర్లు లేవు, అంతే. ప్రతి హాట్‌స్పాట్‌కీ పేరు ఇచ్చే గడి మీ టూల్‌లో ఉంటుంది. అందులో ‘హాట్‌స్పాట్ 3’ అని రాయకండి. ‘డయాఫ్రమ్, వెలుగు తగ్గించడానికి’ అని రాయండి. ట్యాబ్ మీట నొక్కుతూ వెళ్తే అవి ఒక వరుసలో రావాలి: వెలుగు కిందనుంచి పైకి వెళ్లే దారినే తీసుకుంటే మైక్రోస్కోపుకి సహజమైన వరుస అదే అవుతుంది. ఎంటర్ నొక్కితే పెట్టె తెరుచుకోవాలి, ఎస్కేప్ నొక్కితే మూసుకోవాలి, మూసుకున్నాక మళ్లీ అదే బటన్ దగ్గరికి రావాలి. చాలా పాఠాల్లో ఈ చివరిదే తప్పుతుంది. పెట్టె మూయగానే పేజీ మొదటికి వెళ్లిపోతే, అతను ప్రతిసారీ మొదటినుంచీ నడిచి రావాలి.

బొమ్మలోనే కలిపేసిన అక్షరాలు స్క్రీన్ రీడర్‌కి వినిపించవు. అందుకని బొమ్మ మీద పేర్లు రాయమన్నాను కదా అని ఫొటోషాప్‌లో రాసి అతికించకండి. అవి విడి టెక్స్ట్‌గా బొమ్మ మీద కూర్చోవాలి. ఆ వీలు లేకపోతే బొమ్మ కిందనే భాగం పేరు, పని, పక్క భాగంతో దాని సంబంధం వరుసగా రాసేయండి. ‘స్లైడు పెట్టే స్టేజి కింద డయాఫ్రమ్, దాని కింద దీపం’ అన్నట్టు. ఈ జాబితా చూపు లేనివాళ్లకే కాదు, నెట్ నిదానంగా వచ్చేవాళ్లకీ, పరీక్ష ముందు రోజు ఒకసారి తిరగేసుకోవాలనుకునేవాళ్లకీ అక్కరకొస్తుంది. పేర్లు లేని బొమ్మ మీద అడిగే ప్రశ్నలకి కూడా ఒక జంట ప్రశ్న ఉండాలి. సన్నివేశం అదే, జవాబులు మాటల్లో నాలుగు: పెద్ద నాబ్, చిన్న నాబ్, డయాఫ్రమ్, స్టేజి క్లిప్పులు. మార్కులు రెండిటికీ ఒకటే.

టూల్ గురించి అడిగారు కాబట్టి క్లుప్తంగా. ఖర్చు లేకుండా కావాలంటే హెచ్5పి వాడండి. అందులో వివరాల కోసం ‘ఇమేజ్ హాట్‌స్పాట్స్’, ప్రశ్నల కోసం ‘ఫైండ్ ద హాట్‌స్పాట్’ అని రెండు వేరువేరుగా ఉన్నాయి. ఈ రెంటి తేడాయే మనం ఇంతసేపూ మాట్లాడుకున్నది. మీ సంస్థ ఆన్‌లైన్ తరగతులకి మూడుల్ వాడుతుంటే 2019 చివర్లో వచ్చిన 3.8 నుంచి హెచ్5పి అందులోనే కలిసి ఉంది. మూడుల్ సొంత ప్రశ్నల్లో గుర్తుల్ని లాగి బొమ్మ మీద పెట్టే రకం కూడా ఉంది. పేర్లూ భాగాలూ జతపరచడానికి అది బాగుంటుంది. ఆర్టిక్యులేట్ రైజ్‌లో ‘లేబుల్డ్ గ్రాఫిక్’ అని ఒక బ్లాక్ ఉంటుంది, చకచకా అయిపోతుంది గానీ దానికి ఒక తీరే ఉంటుంది. అదే కంపెనీ స్టోరీలైన్ అయితే మీరు కోరిన తీరులో మలచుకోవచ్చు. తీరిక ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

పవర్‌పాయింట్‌తో చేస్తున్నవాళ్లు కూడా చాలామందే ఉంటారు, వాళ్ల కోసం రెండు మాటలు. బొమ్మ మీద ఆకారం గీసి లింకు ఇచ్చేటప్పుడు ‘నో ఫిల్’ పెట్టకండి, మధ్యలో నొక్కితే లింకు పట్టదు. రంగు నింపి ట్రాన్స్‌పరెన్సీని 100కి పెంచండి. ట్రాన్సిషన్స్‌లో ‘ఆన్ మౌస్ క్లిక్’ టిక్కు తీసేయండి. లేకపోతే చుక్క తప్పి పక్కన నొక్కిన ప్రతిసారీ స్లైడు ముందుకి వెళ్లిపోతుంది.

ఇదంతా ఒకేసారి చేయాలని కూర్చోకండి. ముందు తాళం తీసి, మెరుపులు ఆపి, హాట్‌స్పాట్లకి పేర్లు పెట్టండి. తర్వాత పేర్లు బొమ్మ మీదికి తెచ్చి చుక్కల్ని నాలుగుకి దించండి. ఆ తర్వాత ప్రశ్నలు ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ వెళ్లండి, పెద్ద నాబ్, చిన్న నాబ్ ప్రశ్నతో మొదలుపెట్టి. క్లాసుకి ఇచ్చే ముందు ఒక విద్యార్థి చేతికి ఫోన్ ఇచ్చి, మీరేమీ చెప్పకుండా పక్కన కూర్చుని చూడండి. వేలు ఎక్కడ తడబడిందో అక్కడ మీ బొమ్మ మారాలి. చూపు లేని ఆ విద్యార్థిని కూడా ఈ దశలోనే పిలవండి, అందరికీ ఇచ్చేశాక కాదు. అప్పుడైతే అతను చెప్పినవన్నీ మార్చడానికి మీకు ఇంకా వ్యవధి ఉంటుంది.